గడియ

జురా కొండల్లో జూలై చివర కూడా
పొద్దుటిపూట గోడ చల్లగానే ఉంటుంది.
లె లొక్ల్ ఊళ్ళో ఒదీల్ పెర్రెనూ
ఐవీ తీగ ముందుకు కుర్చీ లాక్కుంది
కంటికి భూతద్దం బిగించి.
నలభై ఒక్క ఏళ్ళు చేతిగడియారాల కడుపులు చూసిన అద్దం అది.

పని మానేయమని ఎవరూ అనలేదు.
కుడిచెయ్యే ముందు చెప్పింది.
ఎడమచేయి పట్టుకారు ఎత్తాక
అది ఒక లిప్త ఆలస్యంగా కదిలింది.
ఒక్క లిప్త.
మర ఎగిరి ఎక్కడో పడింది,
వెతకలేదు.

ఆకు అడుగున పురుగుపిల్ల,
మిరియపు గింజంత,
రెక్కలింకా రాలేదు, తోకకు మైనపు కుచ్చు.
"ఇది మనంత ఉంటే
చర్చి గంట మీదుగా దూకేసేది!"
పక్కింటి మాయెల్‌కు పదేళ్ళు.
"దూకదు" అంది ఒదీల్.
"మనంత ఉంటే మనంత బరువూ మోయాలిగా.
కండ పెరిగితే మోతా పెరుగుతుంది.
పురుగైనా గుర్రమైనా
ఎగిరేది ఇంచుమించు ఆ బల్లంత ఎత్తే."

చిన్నదాని కష్టం వేరే.
కాళ్ళు పొట్టి, నేలను నెట్టడానికి చోటు లేదు,
చోటు లేనిచోట వ్యవధీ లేదు.
రెప్పపాటులో వందో వంతులో
అంతా అయిపోవాలి.
ఏ కండా అంత తొందరగా ముడుచుకోదు.
అందుకని ముందే, నింపాదిగా,
రొమ్ము పక్కనున్న విల్లును వంచుకుంటుంది
(సగం పెంకు, సగం రబ్బరు లాంటిది)
గడియ వేసుకుంటుంది.
ఆగుతుంది.

తెలుగులో గడియ అంటే తలుపుకు వేసేది,
గడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు కూడా.
ఒదీల్ ఫ్రెంచిలో ఆ రెండూ
ఎన్నడూ ఎదురుపడలేదు.
ఇక్కడ, ఈ మిరియపు గింజలో, ఒకే ఇంట్లో ఉన్నాయి.
వేసినంతసేపూ కాలం పోగవుతుంది,
తీశాక ఖర్చుపెట్టడానికి కాలమే ఉండదు.

బడి నుంచి అరువు తెచ్చిన మైక్రోస్కోపు కింద
కుంచె కొసతో దాన్ని వెల్లకిలా తిప్పింది.
తొడ తొడను తాకే చోట
పళ్ళ చక్రాలు!
పూర్తి చక్రాలు కావు, చెరొక వంపు ముక్క,
పదో పదకొండో పళ్ళు,
మొదట్లో గుండ్రంగా చెక్కినట్టు,
ఒకదాన్నొకటి కరుచుకుని.
"ఎవరు కోశారు వీటిని?"
నోరు జారింది.
దేవుణ్ణి ఉద్దేశించి కాదు,
ఏ వీధి, ఏ బల్ల, ఏ పనివాడు అని.
అలవాటు.

ఒక కాలు ముందు తన్నితే
పురుగు బొంగరమవుతుంది.
నరం మీద కబురు పంపితే
అది చేరేసరికి గెంతు సగం అయిపోతుంది.
అందుకే కబురు లేదు.
పన్ను పన్నును నెడుతుంది, అంతే.
రెండు కాళ్ళు ఒక కాలు.

ఒదీల్ ఒళ్ళో చేతులు చూసుకుంది.
మాయెల్ చూశాడు, ఏమీ అనలేదు.

ఆగస్టులో ఆకుకు అంటుకుని
ఆఖరి కుబుసం దొరికింది.
"పెద్దదానికి ఆ పళ్ళు ఉండవట" అన్నాడు వాడు,
ఎవరో మోసం చేసినట్టు.
"పిల్లకు పన్ను విరిగితే
వచ్చే కుబుసంతో కొత్తది వస్తుంది.
పెద్దదానికి ఇక కుబుసం లేదు.
విరిగితే విరిగినట్టే.
అందుకే ఉంచుకోదు కాబోలు."
"మరి దూకలేదా?"
"పిల్లకంటే బాగా దూకుతుంది.
తొడలు ఆనించుకుంటుంది. రాపిడి చాలు."
కాసేపాగి, "చాలుననుకుంటున్నారు" అంది.

కుబుసాన్ని పట్టుకారుతో ఎత్తి
విడిభాగాల సొరుగులో పెట్టింది,
ఇత్తడి పినియన్ల పక్కన.
కవరు మీద తారీఖు వేసింది. నంబరు వేయలేదు.

రెక్కలొచ్చినది
ఆమె బొటనవేలి గోరు మీద నిలబడింది.
గోరుకు చిన్న తోపు తగిలింది,
తననే ఎవరో వెనక్కి తన్నినట్టు.
అప్పటికే వేలు ఖాళీ.
ఎటు పోయిందో మాయెల్ చూడలేదు,
అంతసేపూ రెప్ప వాల్చలేదనే వాదించాడు.

తర్వాత ఒదీల్ రెండు చేతులూ
ఒకదానికొకటి ఆనించి
కాఫీ గిన్నె ఎత్తింది.
కొంచెం ఒలికింది.